కాన్సర్ట్‌కి కారులో వెళ్తున్నారా? ముందు తిరిగొచ్చే సంగతి తేల్చుకోండి

వీకెండ్‌లో ఏదైనా మ్యూజిక్ ఫెస్టివల్‌కో కాన్సర్ట్‌కో కారేసుకుని వెళ్దాం అనుకోగానే అందరం చేసేది ఒకటే, ముందు టికెట్లు బుక్ చేసేస్తాం, తర్వాత ఎవరెవరొస్తున్నారని గ్రూప్‌లో అడుగుతాం, ఆ తర్వాత రూమ్ గురించి కాస్త చర్చ, ఇక తిరిగి రావడం దగ్గరికొచ్చేసరికి "అయిపోగానే బయల్దేరి వచ్చేద్దాం లే" అని ఒకడంటాడు, మిగతావాళ్లు సరే అంటారు, అంతటితో ఆ టాపిక్ అయిపోతుంది. నేనూ చాలా ఏళ్లు ఇలాగే వెళ్లా. ఇప్పుడు మాత్రం వరస మార్చేశా. ఆఖరి పాట అయ్యాక ఎక్కడ పడుకుంటాం, ఎవరు నడుపుతారు, ఎన్నింటికి ఇల్లు చేరతాం, ఈ మూడూ తేలితేనే టికెట్ జోలికి వెళ్తున్నా. ఎందుకంటే ఏ పాస్ తీసుకోవాలి, టెంటా హోటలా, ముందు వరసా వెనకా, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇలా మారడానికి కారణం ఒక రాత్రి. నలుగురం వెళ్లాం, షో పదకొండు దాటాక అయింది, ఇక పార్కింగ్ మైదానం నుంచి బయటపడటానికే గంటంబావు పట్టింది. ముందంతా ఎర్ర బ్రేక్‌లైట్లు, హెడ్‌లైట్ల వెలుతురులో దుమ్ము పొగమంచులా తేలుతోంది, పక్క కారు వాళ్లు డిక్కీ తెరిచి దాని అంచు మీద కూర్చుని అప్పుడే విన్న పాటలు పాడుకుంటున్నారు, మా చెవుల్లో ఒకటే గుయ్‌మని మోత. రోడ్డెక్కాక పావుగంటలో వెనకాల ఇద్దరూ నిద్రపోయారు. నడిపేది నేనే. రెండు దాటాక ఉన్నట్టుండి టైర్ల కింద బరబరమని శబ్దం, రోడ్డు అంచున ఉండే ఆ గీరల పట్టీ మీదికి ఎక్కేశా. పక్కనున్నవాడు నా భుజం పట్టుకుని "రేయ్, పక్కకి ఆపు" అన్నాడు. ఆపాను. అంతకు ముందు ఒక కిలోమీటరు ఎలా నడిపానో ఇప్పటికీ గుర్తు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి అనుకున్నా, అదే భయం వేసింది.

అందుకే మొదటి పోలిక, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: అదే రాత్రి వచ్చేయడమా, ఉండిపోవడమా?

దీనికి ఒక లెక్క ఉంది, ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోలేం. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. చాలా దేశాల్లో బండి నడపడానికి పెట్టిన హద్దే అది. ఇరవై నాలుగు గంటలైతే 0.10 శాతంతో సమానం. ఇప్పుడు మీ శనివారం చూసుకోండి. పొద్దున ఆరింటికి లేచారు, సర్దుకుని బయల్దేరారు, నాలుగు గంటలు నడిపారు, మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబడ్డారు, షో రాత్రి పదకొండుకి అయింది. సరిగ్గా పదిహేడు గంటలు. అంటే చుక్క ముట్టుకోకపోయినా, స్టీరింగ్ పట్టుకునే టైమ్‌కి మీరు ఆ గీత మీద ఉన్నట్టే, పైగా ఇంకా పార్కింగ్ నుంచి కూడా బయటపడలేదు. దానికితోడు రాత్రి రెండు నుంచి తెల్లారి ఆరు వరకు ఒంటికి సహజంగానే నిద్ర ముంచుకొచ్చే టైమ్, సరిగ్గా అప్పుడే మనం ఖాళీగా తిన్నగా ఉండే హైవే మీద ఉంటాం.

అద్దాలు దించి గాలి తగిలించుకుంటే, పాటలు గట్టిగా పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ దాని వల్ల ఓ ఐదు పది నిమిషాలు మెలకువ వచ్చినట్టు అనిపిస్తుందంతే, నిద్ర ఎక్కడికీ పోదు. నిజంగా కాస్త పనికొచ్చేది కాఫీ, దాని వెంటనే కునుకు. కాఫీ తాగి పదిహేను ఇరవై నిమిషాలు సీటు వెనక్కి వాల్చి పడుకోండి, లేచేసరికి కెఫీన్ పనిచేయడం మొదలవుతుంది. ఇది కూడా ఆఖరి గంట గట్టెక్కడానికే, నాలుగు గంటల ప్రయాణానికి కాదు.

కాబట్టి నేను పెట్టుకున్న హద్దులు ఇవి, మీకు తగ్గట్టు మార్చుకోండి. తిరుగు దారి గంట లోపు అయితే వచ్చేయొచ్చు, ఇంటి మంచం మీద పడుకోవడం కంటే సుఖం లేదు. గంట నుంచి రెండున్నర గంటలైతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, అందులో ఒకరు ఆ మధ్యాహ్నం కనీసం గంటన్నర పడుకుని ఉండాలి, మందు ముట్టకూడదు, ఈ విషయం బయల్దేరే ముందే మాట్లాడుకోవాలి, షో అయ్యాక ఎవడు నడుపుతాడని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రెండున్నర దాటితే ఉండిపోవడమే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. రూమ్ డబ్బులు దండగ అనిపిస్తే అంత దూరం వెళ్లకండి, దగ్గర్లో ఇంకో షో చూసుకోండి.

సరే, ఉండిపోతున్నాం అనుకుందాం. టెంటా, హోటలా, కారులోనేనా?

టెంట్‌లో ఉన్న గొప్ప లాభం ఏంటంటే రాత్రి బండి తీసే పనే లేదు. ఆఖరి పాట అయ్యాక నడుచుకుంటూ వెళ్లి పడుకోవడమే. మూడు రోజుల ఫెస్టివల్ అయితే అసలు మజా కూడా అక్కడే ఉంటుంది, పక్క టెంట్‌లో ఎవడో గిటార్ వాయిస్తుంటాడు, పొద్దున పళ్లు తోముకుంటుంటే దూరం నుంచి సౌండ్‌చెక్‌లో డ్రమ్ ఒక్కో దెబ్బ వినిపిస్తుంది, అది నాకు చాలా ఇష్టం. కానీ నిద్ర మాత్రం తక్కువే పడుతుంది, సూర్యుడు రాగానే టెంట్ ఉడికిపోతుంది, చుట్టూ సందడి ఆగదు. మూడు రాత్రులు అలా సరిగా నిద్రపోకుండా ఆదివారం రాత్రి ఐదు గంటలు నడపడం అంటే మళ్లీ మొదటి కథే. అందుకని టెంట్ ఎంచుకున్నవాళ్లు ఆఖరి రాత్రి కూడా అక్కడే ఉండి సోమవారం పొద్దున బయల్దేరేలా చూసుకోవాలి.

టెంట్‌కి అసలు శత్రువు వాన. జర్మనీలో జరిగే వాకెన్ మెటల్ ఫెస్టివల్ 2023లో వానలకి మైదానమంతా బురదైపోయి, దారిలో ఉన్న జనాన్ని ఇక రావద్దని నిర్వాహకులే ఆపేశారు, టికెట్ చేతిలో ఉండి కూడా వేల మంది సగం దారి నుంచి వెనక్కి తిరిగారు. అదే ఏడాది అమెరికాలో నెవడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఫెస్టివల్‌లో వాన పడితే, వెళ్లినవాళ్లు బండ్లు కదలక రోజుల తరబడి అక్కడే ఇరుక్కుపోయారు. ఒకచోట లోపలికి పోలేరు, ఇంకోచోట బయటికి రాలేరు. గడ్డి మైదానంలో, మట్టి నేలలో పార్కింగ్ అని చూసినప్పుడల్లా నేను వారం ముందు నుంచీ వాన సంగతి చూస్తుంటా, బురదలో కూరుకుపోతే టైర్ కింద వేయడానికి రెండు పాత కార్ మ్యాట్లు, లాగడానికి తాడు డిక్కీలో పెట్టుకుంటా.

హోటల్ అయితే స్నానం, మంచం, నిద్ర, ఇవన్నీ దొరుకుతాయి, డ్రైవర్‌కి ఇదే మంచిది. చిక్కు ఎక్కడంటే మైదానానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న రూములు లైనప్, అంటే ఎవరెవరు పాడతారన్న లిస్టు, బయటికి రాగానే అయిపోతాయి, మిగిలేవి ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతల, అప్పుడు ప్రతి రాత్రీ పార్కింగ్ నరకం, ప్రతి రాత్రీ ఒకరు మందుకి దూరం. అందుకే హోటల్‌కి నా పద్ధతి, డేట్లు ప్రకటించగానే క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమ్ ఒకటి బుక్ చేసి పెట్టుకోవడం, టికెట్ దొరక్కపోతే వదిలేయడం. కాస్త ఎక్కువ తీసుకుంటారు, పర్లేదు. మైదానం దగ్గర కాకుండా, ఇంటికెళ్లే దారిలో అరగంట దూరంలో ఉన్న రూమ్ తీసుకోవడం ఇంకా మంచి పని, జనం వెళ్లే దారికి పక్కనుంటుంది, రేటు తగ్గుతుంది, పొద్దున లేచేసరికి కొంత దారి కూడా కలిసొస్తుంది.

కారులో పడుకోవడం అంటే చవక, అంతకు మించి చెప్పడానికేం లేదు. ఒక్క రాత్రికి ఓకే, వెనక సీట్లు పూర్తిగా పడిపోయే కారైతే ఇద్దరికి సరిపోతుంది. కానీ ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు, పొగ లోపలికి చేరితే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, తెలిసేలోపు మనిషి పోతాడు. టెంట్‌లో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం, చలిగా ఉంటే ఇంకో దుప్పటి తెచ్చుకోండి.

ఇప్పుడు టికెట్ల దగ్గరికొద్దాం. ఒక్క బ్యాండ్ కాన్సర్టా, ఫెస్టివలా, ఫెస్టివల్ అయితే ఒక్క రోజు పాసా, మూడు రోజుల పాసా?

నేను చూసేది చాలా సింపుల్, స్టీరింగ్ దగ్గర ఎన్ని గంటలు, పాట దగ్గర ఎన్ని గంటలు. రెండు గంటల కాన్సర్ట్ కోసం రానూపోనూ పది గంటలు నడపడం అంటే, ఆ మనిషి పాట మీకు ప్రాణమైతే తప్ప నేను వద్దంటా. ప్రాణమైతే మాత్రం లెక్కలు చూడొద్దు, వెళ్లండి, రూమ్ తీసుకుని వెళ్లండి. ఫెస్టివల్‌లో రోజుకి ఎనిమిది పది గంటల సంగీతం దొరుకుతుంది కాబట్టి దూరం వెళ్లినా గిట్టుబాటు అవుతుంది, కానీ ఒక్కొక్కరి సెట్ నలభై నిమిషాల నుంచి గంటన్నర లోపే ఉంటుంది, పైగా మీకు నచ్చిన ఇద్దరూ ఒకే టైమ్‌లో వేరే వేరే స్టేజీల మీద పాడుతుంటారు. పోస్టర్ మీద ముప్పై పేర్లు చూసి మురిసిపోకుండా, అందులో నిజంగా ఆగి వినాలనుకునేవాళ్లు ఎంతమందో వేలు మడిచి లెక్కపెట్టండి. ఐదుగురి కంటే తక్కువైతే, వాళ్లలో ఎక్కువమంది ఒకే రోజు పాడుతుంటే ఒక్క రోజు పాస్ చాలు, శనివారమైతే మరీ మంచిది, ఆదివారం మొత్తం తిరిగి రావడానికి మిగులుతుంది. రోజువారీ లైనప్ వచ్చేదాకా ఆగితే ఈ లెక్క తేలుతుంది, ఆగకుండా తొందరపడి మొత్తం పాస్ కొన్నవాళ్లే తర్వాత సగం రోజులు టెంట్‌లో పడుకుంటారు.

అమెరికాలోని కోచెల్లా ఫెస్టివల్ 2012 నుంచి వరసగా రెండు వీకెండ్లు దాదాపు అదే లైనప్‌తో జరుగుతోంది. అలాంటి ఛాయిస్ ఉంటే కారులో వెళ్లేవాళ్లకి నా ఓటు రెండో వీకెండ్‌కే. మొదటి వారం ట్రాఫిక్ ఎటు నుంచి ఆగింది, ఏ పార్కింగ్ తొందరగా ఖాళీ అయింది, ఎవరి సెట్ ఎన్నింటికి మొదలైంది, ఇవన్నీ వెళ్లొచ్చినవాళ్లు చెప్తారు. సర్‌ప్రైజ్‌లు ముందే తెలిసిపోతాయన్న బాధ ఉంటుంది, అది ముఖ్యం అనుకునేవాళ్లు మొదటిదానికే వెళ్లాలి.

ముందు వరస స్టాండింగా, వెనక సీటా అనేది పాట మీది ప్రేమకి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది గానీ డ్రైవర్‌కి ఇది నిద్ర విషయం కూడా. ముందు నిలబడాలంటే గేట్లు తెరవడానికి రెండు మూడు గంటల ముందే లైన్‌లో ఉండాలి, అంటే మధ్యాహ్నం కునుకు పోయినట్టే, ఏడెనిమిది గంటలు కాళ్ల మీద ఉండటం. ఆ రాత్రే నడపాల్సిన మనిషి సీటు తీసుకోవాలి, లేదా వెనక వైపు నిలబడాలి. వెనక అంటే నష్టం అనుకోకండి, సౌండ్ ఇంజినీర్ కూర్చునే మిక్సింగ్ డెస్క్ మైదానం మధ్యలో ఉంటుంది కదా, అతను తన చెవికి బాగుండేలా సరిచేసేది అక్కడి నుంచే, కాబట్టి ఆ డెస్క్ దగ్గర్లో వినిపించే పాటే ఆ రాత్రికి అసలు మిక్స్. స్టేజ్‌ని ఆనుకుని ఉంటే బేస్ గుండెల మీద కొడుతుంది, గొంతు సరిగా వినపడదు. మరీ వెనక్కి పోతే ఇంకోటి, గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది, వంద మీటర్ల వెనక నిలబడితే డ్రమ్మర్ కర్ర దిగిన దాదాపు 0.3 సెకన్ల తర్వాత దెబ్బ మనకి వినపడుతుంది, పెద్ద మైదానాల్లో మధ్యలో అదనపు స్పీకర్ టవర్లు పెట్టినప్పుడు వాటి శబ్దాన్ని కావాలనే అంత ఆలస్యం చేసి కలుపుతారు.

ఎక్కడ నిలబడినా ఇయర్‌ప్లగ్స్ మాత్రం పెట్టుకోండి, ఇది బతిమాలి చెప్తున్నా. 85 డెసిబెల్స్‌ని రోజుకి ఎనిమిది గంటలు భరించొచ్చని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమైపోతుంది, 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకి సూచించిన గరిష్ఠ సగటు కూడా ఆ 100 డెసిబెల్సే. మామూలు ఫోమ్ ప్లగ్స్ పైస్థాయి శబ్దాలని ఎక్కువ మింగేసి పాటని మందంగా చేస్తాయి, సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్స్ అయితే అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, పాట పాటలాగే ఉంటుంది. మూడు రోజుల ఫెస్టివల్ అయితే రెండోదే కొనండి. చెవుల్లో మోత లేకుండా కారెక్కితే అలసట కూడా తక్కువ ఉంటుంది, నాకైతే అలాగే అనిపించింది.

బండి సంగతి త్వరగా చెప్పేస్తా. సొంత కారు మంచి కండిషన్‌లో ఉంటే అదే బెస్ట్, దాని బ్రేకూ దాని లైట్లూ మీకు తెలుసు. అద్దె కారు తీసుకుంటే బురదకి, లోపలి మరకలకి, ఆలస్యంగా తిరిగివ్వడానికి ఎంత వేస్తారో ముందే చదువుకోండి, సోమవారం పొద్దున తొమ్మిదికి అప్పగించాలని ఉంటే ఆ తొందరకే రాత్రి నడపాల్సి వస్తుంది, మధ్యాహ్నం దాకా తీసుకోండి. ఎలక్ట్రిక్ కారు అయితే హైవే స్పీడ్‌లో రేంజ్ బాగా తగ్గుతుందని, ఫాస్ట్ ఛార్జింగ్ 80 శాతం దాటాక నెమ్మదిస్తుందని గుర్తుపెట్టుకుని, మైదానానికి దగ్గర్లో ఉన్న ఛార్జర్ మీద ఆశ పెట్టుకోకుండా, ఎందుకంటే షో అయ్యాక అందరూ అక్కడికే వస్తారు, వెళ్లేటప్పుడే దారిలో నింపుకుని తిరిగి సగం దూరమైనా రాగలిగేలా చూసుకోండి. ఐదుగురు, సామాను ఎక్కితే టైర్లలో గాలి మామూలు కంటే ఎక్కువ ఉండాలి, ఎంతో డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ మీద ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చెక్ చేయించండి, స్టెప్నీలో కూడా. ఇక స్పీడ్ అంటారా, 300 కిలోమీటర్లకి గంటకి 80కీ 100కీ తేడా నలభై ఐదు నిమిషాలు, దానికి కారుకి ఎదురుగా తోసే గాలి బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, మొదటి పాట మిస్ అవుతామని తొక్కేకంటే అరగంట ముందు లేవడం మేలు.

నిర్వాహకులే బస్సులు నడుపుతుంటే, అది మీ ఊరి వైపు వస్తుంటే, నేను కారు వదిలేసి బస్సెక్కమంటా. రోడ్ ట్రిప్ మజా తగ్గుతుంది నిజమే, కానీ అందరూ తాగొచ్చు, అందరూ నిద్రపోవచ్చు. కారుని కొంత దూరంలో ఉన్న పార్కింగ్‌లో పెట్టి అక్కడి నుంచి షటిల్‌లో వెళ్లడం మధ్యే మార్గం, ఒంటరిగా వెళ్లేవాళ్లకి బాగా పనికొస్తుంది.

పార్కింగ్‌లో గేటుకి దగ్గరగా పెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది. వెళ్లేటప్పుడు పది నిమిషాల నడక తగ్గుతుంది, వచ్చేటప్పుడు గంట పోతుంది. నేను బయటికెళ్లే దారికి దగ్గరగా, ముందు భాగం దారి వైపు తిప్పి పెడతా. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, దగ్గర్లో ఉన్న స్తంభం నంబరో జెండా రంగో ఫొటో తీసుకుంటా, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటా, ఎందుకంటే అన్ని వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే సిగ్నల్ కనిపిస్తుంది గానీ ఏదీ తెరుచుకోదు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో నోటితోనే చెప్పుకోవాలి.

చివరగా అందరూ తన్నుకునే ప్రశ్న, ఆదివారం రాత్రి హెడ్‌లైనర్, అంటే చివర్లో వచ్చే పెద్ద స్టార్, ఆఖరి పాటల దాకా ఉండాలా, ముందే జారుకోవాలా? 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ ఫెస్టివల్‌కి జనం పోటెత్తి రోడ్లన్నీ బిగుసుకుపోయి చాలామంది కార్లు దారిలోనే వదిలేసి నడిచారు, కళాకారుల్ని హెలికాప్టర్లలో తీసుకొచ్చారు. ప్రోగ్రాం అనుకున్న టైమ్ దాటి సాగి సాగి, ఆఖరున గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ స్టేజ్ ఎక్కేసరికి సోమవారం పొద్దునైంది, లక్షల్లో వచ్చిన జనంలో ఎక్కువమంది అప్పటికే ఇంటిదారి పట్టారు. వాళ్లని తప్పుపట్టలేం, పనులకి వెళ్లాలి కదా. నేనైతే రెండే చూస్తా. సోమవారం సెలవు దొరికితే ఆఖరి పాట దాకా ఉండి, అక్కడే పడుకుని, పొద్దున తొమ్మిది తర్వాత బయల్దేరతా, అప్పటికి రోడ్డు కూడా ఖాళీ అవుతుంది. సెలవు దొరక్కపోతే హెడ్‌లైనర్ మొదలవ్వక ముందే, వెలుతురు ఉండగానే బయల్దేరిపోతా. ఈ రెండింటి మధ్యలో ఇంకో నాలుగు పాటలు విని వెళ్దాం అని ఆగడం మాత్రం మానేశా, సెలవు అడగడం కోసం టికెట్ కొన్న రోజే ఆఫీసులో మెయిల్ పెట్టేస్తున్నా.